తల్లి మరణం: విచారణ ఎందుకు?



కాన్పులో తల్లి మరణించిన ఇంట రెండు మాటలు వినిపిస్తాయి. ఒకటి “దేవుని చిత్తం”. రెండవది “అంతా ఆ డాక్టరు వల్లే”. మొదటి మాట ప్రశ్నను అణచివేస్తుంది. రెండవది ప్రశ్న పూర్తికాకముందే జవాబు చెప్పేస్తుంది. మూడవ మార్గం ఒకటుంది: ఆ మరణం ఎందుకు సంభవించిందో ఓపికగా విచారించి, మరో తల్లిని కాపాడుకోవడం.

ఈ మార్గాన నడిచినవారిలో సెమ్మెల్‌వైస్ అనే హంగేరీ వైద్యుడు ముఖ్యుడు. 1840లలో వియన్నా జనరల్ ఆసుపత్రిలో రెండు ప్రసవ విభాగాలుండేవి. మొదటిదానిలో వైద్య విద్యార్థులు, రెండవదానిలో మంత్రసానులు శిక్షణ పొందేవారు. 1846లో మొదటి విభాగంలో నూటికి 11 మంది తల్లులు మరణించగా, రెండవదానిలో నూటికి ముగ్గురైనా మరణించలేదు. వ్యాధి బాలింత జ్వరం.

గాలి చెడ్డదన్నారు కొందరు. గాలి రెండింటికీ ఒకటే గదా! అవస్థలో ఉన్నవారికి దివ్యసత్ప్రసాదం తీసుకువెళ్లే గురువు మొదటి విభాగం గదుల గుండా, గంట మోగుతుండగా నడిచేవారు. ఆ గంటకు స్త్రీలు బెదరిపోతున్నారేమోనని సెమ్మెల్‌వైస్ ఆయనను వేరే దారిన, గంట లేకుండా రమ్మని కోరారు. మరణాలు తగ్గలేదు.

1847లో తోటి వైద్యుడొకరు శవపరీక్షలో కత్తి గాటు తగిలి, బాలింత జ్వరపు లక్షణాలతోనే చనిపోయారు. అప్పుడు సంగతి బోధపడింది. శవాలను కోసిన చేతులతోనే వైద్యులు, విద్యార్థులు గర్భిణులను పరీక్షిస్తున్నారు! ఆ మే నెలలో క్లోరిన్ నీటితో చేతులు కడగడం నియమమైంది. 1848లో మొదటి విభాగపు మరణాలు నూటికి సుమారు ఒకటికి దిగాయి. గురువు గంటనే కాదు, తన చేతులను కూడా ఆయన విచారణనుండి మినహాయించలేదు.

మన దేశంలో 2010నుండి ప్రభుత్వ మార్గదర్శకాల ప్రకారం ప్రసూతి మరణాల సమీక్ష జరుగుతోంది. గర్భవతిగా ఉండగా గాని, గర్భం ముగిసిన 42 రోజుల లోపు గాని ఆ కారణాన సంభవించిన మరణాన్ని పరిశీలిస్తారు. ఆసుపత్రి రికార్డులు చూస్తారు, ఇంటివారిని అడుగుతారు. ప్రధానంగా మూడు ఆలస్యాలను వెతుకుతారు: ప్రమాదం గుర్తించి బయలుదేరడంలో, ఆసుపత్రి చేరడంలో, చేరాక చికిత్స అందడంలో. లోపం రక్తం దొరకకపోవడమా, వాహనం రాకపోవడమా అని తెలిస్తేనే దిద్దుబాటు సాధ్యం. శిక్షించడం ఈ సమీక్ష ఉద్దేశం కాదు. నిర్లక్ష్యం జరిగితే న్యాయం కోరే హక్కు కుటుంబానికి వేరుగా ఉంది.

లక్ష సజీవ జననాలకు దేశంలో ప్రసూతి మరణాలు 2004-06లో 254, 2018-20లో 97. ఆ కాలంలోనే ఆంధ్రప్రదేశ్‌లో 45, తెలంగాణలో 43. తగ్గుదలకు కారణాలు అనేకం. కాని మిగిలిన ఆ 45, ఆ 43 కూడా తల్లులే.

పుట్టుగుడ్డివాణ్ణి చూచి శిష్యులు “ఇది ఎవరి పాపం?” అన్న ధోరణిలో అడిగారు. ప్రభువు ఆ ప్రశ్నను పక్కనబెట్టి అతనికి చూపునిచ్చాడు (యోహాను 9). మనమూ అదే నేర్చుకోవాలి. అటువంటి దుఃఖం మీ ఇంటికో, పొరుగింటికో వస్తే, అడగవచ్చిన ఆశా కార్యకర్తను, నర్సును వెనక్కి పంపకండి. నొప్పులు ఎప్పుడు మొదలైనవి, రక్తస్రావం ఎంతసేపు జరిగింది, “తెల్లవారనీ” అని ఎవరన్నారు, ఏ ఆసుపత్రి ఎక్కడికి పంపింది, అన్నీ ఉన్నదున్నట్లు చెప్పండి. పరువు కోసం ఒక గంట దాచితే, ఆ గంటే మరో ఇంట మరో తల్లిని తీసుకుపోవచ్చు.

మన సంఘాన్ని మనం ‘విచారణ’ అని పిలుచుకుంటాం. మరణించిన తల్లి ఆత్మశాంతికి పూజ చెప్పించడం మన ధర్మం. ఆమె ఎందుకు మరణించిందో విచారించడమూ మన ధర్మమే.