అవార్డుకు ముందరి ఏళ్లు

అర్వింగ్, టెక్సాస్

అమ్మలూ,

అమెరికా జట్టుకు ఆడే అమ్మాయికి ఐసీసీ ఎమర్జింగ్ క్రికెటర్ అవార్డు ఎప్పటికైనా వస్తుందా అని అడిగావు. ఎందుకు రాదు తల్లీ? 2019లో మహిళల్లో ఆ అవార్డు థాయ్‌లాండ్ మీడియం పేసర్ చనిదా సుత్తిరువాంగ్‌కు వచ్చింది. అమెరికా లాగే థాయ్‌లాండ్ కూడా అసోసియేట్ దేశమే. ఆ జట్టు 2018, 2019 సంవత్సరాల్లో వరుసగా 17 టీ20లు గెలిచింది. స్కాట్లాండ్‌లో క్వాలిఫయర్ ఆడి మొట్టమొదటిసారి ప్రపంచకప్‌లో చోటు సంపాదించింది. ఆ దారిలో చనిదా తీసిన వికెట్లకు దక్కిన గౌరవమది. చిన్న దేశపు పిల్ల అని జాలిపడి ఇచ్చింది కాదు. నీ గోడ మీద ఎవరి బొమ్మయినా పెట్టుకోవాలనిపిస్తే ముందు ఆమెది పెట్టుకో.

ఈ అవార్డు 2004లో మొదలైంది. తొలి విజేత మన ఇర్ఫాన్ పఠాన్. అమ్మాయిలకు 2017 నుంచి ఇస్తున్నారు. మొదట్లో 26 ఏళ్లలోపు వాళ్లకే, అదీ అయిదు టెస్టులు, పది వన్డేలు మించకుండా ఆడినవాళ్లకే అని నియమం ఉండేది. ఆ సంగతులు అంతవరకు చాలు. అసలు చూడవలసింది, గెలిచినవాళ్లు అంతకు ముందు ఎక్కడ ఉన్నారు, ఏం చేస్తున్నారు అన్నది.

రచిన్ రవీంద్ర సంగతి చెబుతాను, ఎందుకంటే అందులో మన అనంతపురం ఉంది. 2023 ప్రపంచకప్ తొలి మ్యాచ్‌లో అహ్మదాబాద్‌లో ఇంగ్లండ్ మీద 123 నాటౌట్ కొట్టాడు. టోర్నీ ముగిసేసరికి మూడు సెంచరీలు, 578 పరుగులు. ఆ ఏడాది అవార్డు అతనిదే. రాత్రికి రాత్రి పుట్టుకొచ్చాడని టీవీలో అన్నవాళ్లున్నారు. కానీ వాళ్ల నాన్న న్యూజిలాండ్‌లో హట్ హాక్స్ అనే క్లబ్ పెట్టి, అక్కడ చలికాలంలో ఆట ఆగిపోయే నెలల్లో పిల్లలను ఇండియాకు తీసుకొచ్చేవాడు. అలా ఆ వెల్లింగ్టన్ కుర్రాడు మన అనంతపురంలో ఆర్డీటీ సంస్థ మైదానంలో, మన ఎండలో, ఎండిన పిచ్‌ల మీద స్పిన్ ఆడటం నేర్చుకున్నాడు. కరువు సీమలో ఫాదర్ ఫెర్రర్ నిలబెట్టిన ఆ సంస్థ మైదానాలు ఎందరు పల్లె పిల్లలకు ఆట నేర్పాయో తలచుకుంటే నాకు గర్వంగా ఉంటుంది. స్కోరుకార్డులో కనపడని ఆ నెలలే అహ్మదాబాద్‌లో పరుగులయ్యాయని నా నమ్మకం.

2024 విజేత, శ్రీలంక బ్యాటర్ కమిందు మెండిస్ కథ వేరు. 2022 జులైలో గాలేలో మొదటి టెస్టు ఆడి 61 పరుగులు చేశాడు. తర్వాత టెస్టు జట్టులో చోటు లేదు. ఏడాదిన్నర దాటాక, 2024 మార్చిలో సిల్హెట్‌లో మళ్లీ పిలుపు వస్తే రెండు ఇన్నింగ్స్‌లోనూ సెంచరీలు కొట్టాడు. 13 ఇన్నింగ్స్‌లోనే వెయ్యి టెస్టు పరుగులు చేసి బ్రాడ్‌మన్ సరసన నిలిచాడు. మొన్న నిన్ను జట్టులోంచి తప్పించారని రెండు రోజులు అన్నం తినలేదని మీ అమ్మ చెప్పింది. బాధ ఉంటుంది, కాదనను. ఆ ఏడాదిన్నర అతను ఎన్ని బంతులు ఆడి ఉంటాడో ఒక్కసారి ఆలోచించు.

అదే దేశం, అదే ఇంటిపేరుతో 2008లో గెలిచిన అజంతా మెండిస్ కూడా గుర్తుండాలి. భారత్ మీద మొదటి మూడు టెస్టుల్లో 26 వికెట్లు! అతని క్యారమ్ బాల్ ఎటు తిరుగుతుందో ఎవరికీ అంతుపట్టలేదు. తర్వాత బ్యాటర్లు ఆ వేళ్లను చదివేశారు. మొత్తం ఆడింది 19 టెస్టులే. అతన్ని తక్కువ చేసి అనడం లేదు. నీకు ఒక మంచి బంతి వేయడం వస్తే ఏడాది గడుస్తుంది, పదేళ్లు గడవాలంటే రెండోది, మూడోది కూడా నేర్చుకోవాలి.

ఇక్కడ అమెరికాలోనూ దారి వేసినవాళ్లు లేకపోలేదు. 2023లో తొలి అండర్-19 మహిళల ప్రపంచకప్‌లో అమెరికా కెప్టెన్ మీ నార్త్ కరోలినా అమ్మాయి గీతిక కొడాలి. 2025లో మలేసియాలో అదే టోర్నీలో అమెరికా అమ్మాయిలు అనిక కొలన్ సారథ్యంలో ఐర్లాండ్‌ను ఓడించి సూపర్ సిక్స్‌కు వెళ్లారు. ఇద్దరూ తెలుగు ఇంటిపేర్లవాళ్లే! 2025 సెప్టెంబరులో ఐసీసీ ఇక్కడి బోర్డును సస్పెండ్ చేసింది, అయినా జట్లు ఆడుకోవచ్చంది. పెద్దల తగాదాలు పిల్లల ఆటకు అడ్డురాకూడదని గట్టిగా కోరుకుంటున్నాను. 2028లో పొమోనాలో ఒలింపిక్ క్రికెట్ జరుగుతుంది, పురుషుల్లో, మహిళల్లో ఆరేసి జట్లే.

ఇక నీ బౌలింగ్. నువ్వు ఎక్కువగా ఇండోర్ నెట్స్‌లో, మ్యాట్ మీద వేస్తున్నావు. మ్యాట్ మీద బంతి ఎత్తుగా లేస్తుంది కనుక కాస్త షార్ట్ పడినా బ్యాటర్ ఇబ్బంది పడుతుంది. మోరిస్‌విల్‌లో చర్చ్ స్ట్రీట్ పార్క్ టర్ఫ్ మీద అదే బంతిని తీరిగ్గా పుల్ చేస్తారు. అక్కడ ఇంకాస్త ఫుల్‌గా వేయాలి, సీమ్ నిటారుగా ఉండాలి. వారంలో ఒక్కరోజైనా టర్ఫ్ మీద వేయనిమ్మని కోచ్‌ను అడుగు. గుడ్ లెంగ్త్ దగ్గర చిన్న రుమాలు పరిచి, ఆరేసి బంతుల చొప్పున వేసి, ఎన్ని దాని మీద పడ్డాయో రాసుకో. వచ్చే ఆదివారం నాలుగు ఓవర్ల వీడియో పంపు. పక్క నుంచి వద్దు, బౌలర్ వెనక నుంచి తీయమని నాన్నకు చెప్పు, బంతి ఎక్కడ పడుతుందో నాకు కనపడాలి.

పెదనాన్న