స్వల్ప సాధనము – అనల్ప సాధన

సాహిత్యము బోధించు మేము ఒక యంత్రమును గూర్చి వ్రాయుట చూచి విద్యార్థులు ఆశ్చర్యపడవచ్చును. కాని ఛందస్సు చదివినవారికి ఈ యంత్రపు కథ పరాయిది కాదు. నియమము బిగిసినకొలది బుద్ధి సూక్ష్మముగా పనిచేయవలసి వచ్చునని పద్యరచన నేర్పును. 6502 అను మైక్రోప్రాసెసరు, దాని ఆధారముగా ఇండ్లలోనికి వచ్చిన వీడియో ఆటల పెట్టె కూడ ఆ పాఠమునే చెప్పును.

ఆదేశములను వరుసగా చదివి, ఒకటొకటిగా నెరవేర్చు చిన్న సిలికాన్ పలకయే మైక్రోప్రాసెసరు. 1972లో అమెరికాలో వెలువడిన పాంగ్ అను ప్రసిద్ధమైన ఆటలో ఇట్టిది లేదు. ఆ ఆటకు కావలసిన తీగల కూర్పే అందు కలదు. వేరొక ఆట కావలెనన్న వేరొక కూర్పు చేయవలెను. మైక్రోప్రాసెసరు వచ్చిన పిమ్మట పెట్టె మారనక్కరలేదు, ఆదేశములు మారిన చాలును. అయితే 1974లో ఇంటెల్ సంస్థ విడుదల చేసిన 8080 ధర 360 డాలర్లు. అంత వెల పెట్టి పిల్లల ఆటవస్తువు చేయుట ఎవరికి సాధ్యము?

ఈ చిక్కును విప్పినవారిలో ముఖ్యుడు చక్ పెడిల్. ఆయన మోటొరోలా సంస్థలో 6800 ప్రాసెసరు పనిలో పాల్గొన్న ఇంజనీరు. వెల తగ్గినగాని వినియోగము పెరగదని గ్రహించి, 1974లో కొందరు సహచరులతో కలసి మాస్ టెక్నాలజీ అను చిన్న సంస్థలో చేరెను. వారు అత్యవసరము కానివానిని తొలగించి పలకను చిన్నది చేసిరి. పలక చిన్నదైనచో ఒకే సిలికాన్ బిళ్ళ నుండి ఎక్కువ పలకలు వచ్చును, చెడిపోవునవి తగ్గును. సుమారు మూడున్నర వేల ట్రాన్సిస్టర్లతో రూపొందిన 6502ను 1975 సెప్టెంబరులో శాన్ ఫ్రాన్సిస్కో నగరపు ప్రదర్శన సందర్భమున 25 డాలర్లకే అమ్మిరి.

1977లో అటారీ సంస్థ తన ఆటల పెట్టెలో దీనికంటెను చౌకయైన 6507ను వాడినది. లోపలి పలక అదియే. కాని వెలుపలి కాళ్ళు 40కి బదులు 28 మాత్రమే. కాళ్ళు తగ్గుటచే అది చేరగల చిరునామాలు 65,536 నుండి 8,192కు తగ్గినవి. పొదుపు అంతటితో ఆగలేదు. ఆట నడచునపుడు మారుచుండు విషయములను వ్రాసికొనుటకు ఆ పెట్టెలో గల మెమరీ 128 బైట్లు మాత్రమే.

బైటు అనగానేమి? లఘువు, గురువు అను రెండింటితో మన ఛందస్సు నడచునట్లు, ఈ యంత్రము 0, 1 అను రెండు గుర్తులతో నడచును. అట్టి ఎనిమిది గుర్తుల వరుస ఒక బైటు. ఎనిమిదక్షరముల పాదమునకు ప్రస్తారమున 256 భేదములు వచ్చునట్లే, ఒక బైటునకు 256 రూపములు కలవు.

ఆ ఆటల బొమ్మ తెరపై అడ్డముగా 160 చుక్కలు, నిలువుగా 192 గీతలు. చుక్కకు ఒక్క గుర్తు చొప్పున దాచినను 3,840 బైట్లు కావలెను. అనగా ఉన్న మెమరీకి సరిగా ముప్పది రెట్లు! కావున బొమ్మను దాచుట అసంభవము. మరి బొమ్మ ఎట్లు వచ్చినది?

నాటి టెలివిజన్ గాజుగొట్టములో ఒక ఎలక్ట్రాన్ కిరణము ఎడమ నుండి కుడికి గీత వెంబడి గీత గీయుచు క్రిందికి దిగును. అమెరికా టెలివిజన్ల కొరకు చేసిన పెట్టెలో ఒక్కొక్క బొమ్మకు 262 గీతలు. సెకనుకు సుమారు 60 బొమ్మలు. జే మైనర్ మొదలగువారు రూపొందించిన ఒక ప్రత్యేక పలక ఒక్క గీతకు చాలు సమాచారమును మాత్రమే ఉంచుకొనును. కిరణము తరువాతి గీతకు చేరులోగా ప్రాసెసరు క్రొత్త సమాచారమును అందింపవలెను. గీతకు దొరకు కాలము 76 గడియార స్పందనలు. ఏ ఆదేశమునకైనను కనీసము రెండు స్పందనలు పట్టును. అనగా 38 ఆదేశములకు మించి గీతలో ఇమడవు. పాదమున గణములు మించినచో పద్యము చెడునట్లు, ఇచట స్పందనలు మించినచో బొమ్మ చెడును. కనబడు 192 గీతలు పోగా మిగిలిన 70 గీతల కాలములోనే శత్రువు కదలిక, గెలుపు ఓటముల లెక్క మున్నగునవన్నియు ముగియవలెను.

ఈ నిర్బంధము ఎంతటిదో 1979 నాటి చదరంగపు ఆట చూపును. ఎత్తు ఆలోచించుటకు ఆ మిగులు కాలము చాలదు. కావున ప్రాసెసరు ఆలోచించునంతసేపు బొమ్మ గీయుట మానును. బల్ల మాయమై తెరపై రంగులు మాత్రమే కనబడును.

ఇక నేర్పునకు ఉదాహరణగా 1982లో డేవిడ్ క్రేన్ రచించిన పిట్‌ఫాల్ అను ఆటను చెప్పుదుము. అందు అడవిలో 255 దృశ్యములు కలవు. ఆట మొత్తము 4,096 బైట్లలో ఇమడవలెను గనుక, క్రేన్ దృశ్యములను దాచలేదు. ఒక బైటులోని ఎనిమిది గుర్తులే చెట్ల తీరును, గోతులను, మొసళ్ళను, నిధులను నిర్ణయించును. ప్రక్క దృశ్యమునకు పోవునపుడు గుర్తులన్నియు ఒక స్థానము జరుగును. ఒక చివరి గుర్తు రాలిపోవును, రెండవ చివర నియమానుసారము క్రొత్త గుర్తు చేరును. వెనుకకు మరలినచో నియమము తిరుగబడును. మన విద్యార్థులకు యమాతారాజభానసలగం అను సూత్రము కంఠస్థమే గదా! ఒక్కొక్క అక్షరము జరుపుచు మూడేసి చదివినచో ఎనిమిది గణములును వెలువడును; ఇరువదినాలుగు అక్షరముల పని పదింటితో తీరును. క్రేన్ చేసిన యుక్తి ఈ జాతిదే.

ఇంత నేర్పు గల రచయితల పేర్లను అటారీ సంస్థ ప్రకటింపలేదు. గజల్ చివరి షేరులో కవి తన తఖల్లుస్ నిలుపుకొనును. వేమన పద్యముల కడపట ఆయన పేరు వినబడును. ఆ ఆటలను రచించినవారికి అట్టి చోటు లేకపోయినది. 1979లో క్రేన్ మొదలగు నలుగురు రచయితలు ఆ సంస్థను వీడి, యాక్టివిజన్ సంస్థ స్థాపనలో పాల్గొనిరి. అచట రచయిత పేరు చెప్పబడెను. వారెన్ రాబినెట్ వేరొక త్రోవ త్రొక్కెను. 1980లో వెలువడిన అడ్వెంచర్ అను ఆటలో ఎవరికిని చెప్పక ఒక రహస్యపు గదిని కట్టి, అందు తన పేరు వ్రాసికొనెను. నేపథ్యపు రంగులో కలసిపోవు ఒక్క చుక్కను కనుగొన్నవారికే ఆ గది తెరచుకొనును. అంత ఇరుకు స్థలములోను తన పేరునకు చోటు మిగుల్చుకొన్నాడన్న, ఆ కోరిక ఎంత బలమైనదో ఊహింపవచ్చును.

6502 వంశము అచటితో ముగియలేదు. 1977 నాటి ఆపిల్ 2 కంప్యూటరులోను, కొలది మార్పులతో 1983లో జపానున వెలువడిన నింటెండో వారి ఫామికాం ఆటల పెట్టెలోను ఇదియే పనిచేసినది. అటారీ పెట్టె తయారీ 1992 వరకు సాగినది.

మన వంటి చిన్న కళాశాలలలో యంత్రములు చాలవను మాట తరచు వినబడును. అది నిజము, ఆ కొరతను నిర్వాహక సంఘమువారు తీర్చవలసియే యున్నది. 128 బైట్లను పొగడి కొరతను సమర్థించుట మా ఉద్దేశము కాదు. కాని యంత్రము వచ్చువరకు విద్యార్థి ఊరకుండనక్కరలేదు. ఏది దాచవలెను, ఏది నియమముచే రాబట్టవచ్చును, దొరకిన కాలములో ఎన్ని ఆదేశములు ఇముడును అను లెక్కకు కాగితము, కలము చాలును. గణవిభజన చేయ నేర్చిన చేతికి ఆ లెక్క కష్టము కాదని మా నమ్మకము.