ఆడ చిలక తోక చాపినప్పుడు లోపల జరిగేది

చిలకలు సరిగా జత కట్టలేదు, గుడ్లు పసుపుగానే నిలిచిపోయినాయి అని గ్రైనేజ్ నుండి ఫోన్ వస్తే మాట పడేది పెంచిన రైతే. తప్పు ఆడదానిలో ఉందా, మగదానిలో ఉందా, లేక వేడి చేసిన పనా అని తెలుసుకునేకి ఒక దారి ఉంది. దానికి ముందు చిలక ఒంట్లో జరిగేది కొంచెం తెలియాల.

గూడు చీల్చుకుని వచ్చిన ఆడ చిలక ఎగరదు, పెద్దగా తిరగదు. కూర్చున్న చోటనే తోక కొస నుండి రెండు చిన్న పసుపు తిత్తులు బయటికి చాపుతుంది. వాటి నుండి వచ్చే వాసన పేరు బాంబికాల్. మన ముక్కుకు అది తెలియదు, మగ చిలకకు తెలుస్తుంది. వెంటనే రెక్కలు దడదడ కొట్టుకుంటా గిరగిరా తిరుగుతుంది. జర్మనీలో బ్యూటెనాంట్ అనే శాస్త్రవేత్త సుమారు 5 లక్షల ఆడ చిలకల నుండి ఈ వాసన పదార్థాన్ని తీసి 1959లో ప్రకటించినాడు. ఏ ద్రావణంలో వాసన ఉందో పట్టి చూపింది మగ చిలక రెక్కలే.

అయితే ఆ వాసన తయారు చేయమని తోకకు చెప్పేదెవరు? తల. గొంతు కింద ఉండే నరాల ముడిలో ఒక పెప్టైడ్ పుడుతుంది. పెప్టైడ్ అంటే చిన్న ప్రొటీన్ ముక్క, ఇది 33 అమైనో ఆమ్లాల గొలుసు. పేరు పీబాన్. రక్తంలో కలిసి తోక దగ్గరి గ్రంథికి చేరి పని మొదలుపెట్టిస్తుంది. దీన్ని పట్టుకున్న తీరు సులభమే. తల తీసేసిన ఆడ చిలక కొంతసేపు బతికే ఉంటుంది కానీ వాసన తయారు చేయదు. వేరే చిలకల తలల రసం ఎక్కిస్తే మళ్ళీ చేస్తుంది. మన పట్టు చిలకలో దీని గొలుసును జపాన్ వాళ్ళు 1989లో తేల్చినారు. జత కట్టినాక ఈ వాసన పని ఆగిపోతుంది.

ఇంకొక వింత. ఈ పీబాన్ ఏ జన్యువు నుండి వస్తుందో, బైవోల్టిన్ గుడ్లను నిద్రపుచ్చే హార్మోన్ కూడా అదే జన్యువు నుండి వస్తుంది. పిలుపు, పిల్లల నిద్ర రెండూ ఒక మూటలోవే.

ఇప్పుడు అసలు పని. లాట్‌లో నుండి 30, 40 గూళ్ళు తీసి కోసి, ప్యూపాలను ఆడ, మగ వేరు చేసి రెండు తట్టల్లో పెట్టండి. ఆడదాని పొట్ట కింద 8వ మడతలో ఇంటూ లాంటి గీత, మగదానికి 9వ మడతలో చుక్క ఉంటుంది. చిలకలు తెల్లవారుజామున వస్తాయి. టార్చి వేసి చూడండి.

ఆడవి తోక చాపి కూర్చున్నాయంటే పిలుపు మొదలైనట్టు. వాటి దగ్గరికి వేరే మంచి లాట్ మగ చిలకను తెచ్చి పెట్టండి. అది రెక్కలు కొట్టిందంటే వాసన వస్తా ఉంది, అంటే తల నుండి తోక దాకా పని నడిచినట్టే. అదే ఆడదాని దగ్గర మన లాట్ మగవి మెల్లగా పడి ఉంటే అనుమానం మగవాటి మీద. మగవి బాగా రెక్కలు కొట్టి, 3, 4 గంటలు జత కట్టి, అయినా గుడ్లు పసుపుగానే ఉండి ముడుచుకుపోతే అప్పుడు వేడిని అనుమానించాల. గూడు కట్టేటప్పుడు, ప్యూపా దశలో ఎండ వేడి తగిలితే బైవోల్టిన్ మగవి గొడ్డుపోతాయి. ఆశ ఉంటుంది, బీజం ఉండదు. ఆ మాట పెప్టైడ్ చెప్పదు, గుడ్డే చెప్తుంది. నిద్రపోయే బైవోల్టిన్ గుడ్డు రెండు మూడు రోజుల్లో ఎర్రబారి, బూడిద రంగుకు తిరుగుతుంది. మైసూరు జాతి గుడ్డు మాత్రం రంగు తిరగదు, అక్కడ ఈ లెక్క పనికి రాదు, పిల్ల కన్ను కనపడే దాకా ఆగాల.

తేదీ, ఎన్ని ఆడవి తోక చాపినాయి, ఎన్ని మగవి రెక్కలు కొట్టినాయి, ఎన్ని గుడ్లు రంగు తిరిగినాయి, గది వేడి ఎంత, ఇంతే రాసుకోండి. నాలుగు పంటలు రాసినాక లాట్ ఇచ్చేటప్పుడు మాట్లాడేకి మన చేతిలో కాగితం ఉంటుంది. చూసినాక ఆ చిలకలను, గుడ్లను కాల్చేయండి. పెబ్రిన్ పరీక్ష లేని గుడ్డు పెంపకానికి పోరాదు.

మొన్న గ్రూపులో ఒకరు అడిగినారు, ఈ పెప్టైడ్‌ను సీసాలో కొని ఆకు మీద చల్లవచ్చునా అని. పురుగులు ఒకేసారి మాగేకి మనం చల్లే హార్మోన్ పెప్టైడ్ కాదు, స్టెరాయిడ్ జాతిది, అందుకే నోటి ద్వారా పని చేస్తుంది. పెప్టైడ్ ప్రొటీన్ కదా, పురుగు కడుపులో ఆకుతో పాటు అరిగిపోతుంది. ఎవరైనా జత పెంచే మందు అని అమ్మితే ఆ డబ్బుతో గూళ్ళ గదికి తడి గోనెపట్టాలు, ఒక థర్మామీటర్ కొనండి. 25 డిగ్రీల దగ్గర ఉంచి, ప్యూపా గట్టిపడినాక 7, 8వ రోజున విడిపించి, చల్ల పొద్దులో ఒదులుగా క్రేట్లలో పంపండి.