పాము కాటు, తేలు కాటు – కుటుంబసభ్యులు తెలుసుకోవలసిన విషయాలు

మామిడిపల్లి, పహాడీషరీఫ్, శంషాబాద్ పరిసరాలు ఎడారి కాకపోయినా, రాళ్ళ గుట్టలు, తుమ్మ పొదలు, మెట్ట చేలతో నిండిన పొడి నేలలు. రాజస్థాన్ ఎడారిలో కనిపించే చిన్న పింజర మన దగ్గర కూడా ఉంటుంది. 2008 మార్చిలో విమానాశ్రయం ప్రారంభమైన తర్వాత ఈ చుట్టుపక్కల రోడ్లు, గోదాములు, కొత్త ఇళ్ళు పెరిగాయి. గుట్టలను తవ్వినప్పుడు, పొదలను కొట్టినప్పుడు వాటిలో ఉండే పాములు, తేళ్ళు చోటు వెతుక్కుంటూ బయటకు వస్తాయి. చెత్త ఉన్నచోట ఎలుకలు చేరతాయి. ఎలుకలున్న చోటికి పాము వస్తుంది.

మన దేశంలో 2000 నుండి 2019 వరకు పాము కాటు వలన ఏడాదికి సగటున 58 వేల మంది మరణించారని ఒక పెద్ద అధ్యయనం అంచనా వేసింది. వారిలో ఎక్కువమంది పల్లెవాసులు. దాదాపు సగం మరణాలు జూన్ నుండి సెప్టెంబరు వరకు, అంటే వానాకాలంలోనే జరిగాయి. ఈ మరణాలను 2030 నాటికి సగానికి తగ్గించాలని కేంద్ర ప్రభుత్వం 2024 మార్చిలో జాతీయ కార్యాచరణ ప్రణాళికను ప్రకటించింది. పాము విషానికి విరుగుడు మందు ఉంది. అయినా ప్రాణాలు పోవడానికి ముఖ్య కారణం ఆలస్యం. ఆ ఆలస్యాన్ని తగ్గించగలిగేది ముందుగా మీరే.

ఏ పాములు ప్రమాదకరం?

మన ప్రాంతంలో ప్రాణాపాయం కలిగించే పాములలో ముఖ్యమైనవి నాలుగు.

1. నాగుపాము: పడగ విప్పుతుంది. కాటు వేసిన చోట నొప్పి, వాపు వస్తాయి. తర్వాత కనురెప్పలు వాలిపోవడం, మాట ముద్దగా రావడం, మింగలేకపోవడం, ఊపిరి అందకపోవడం జరుగుతాయి.

2. కట్లపాము: నల్లని ఒంటిపై సన్నని తెల్లని కట్లు ఉంటాయి. రాత్రివేళ తిరుగుతుంది. నేలపై పడుకున్నవారిని నిద్రలోనే కాటు వేస్తుంది. నొప్పి, వాపు దాదాపు ఉండవు. గాట్లు కూడా కనబడకపోవచ్చు.

3. రక్తపింజర: లావుగా ఉంటుంది, వీపుపై గొలుసు వంటి మచ్చలు ఉంటాయి. పెద్దగా బుస కొడుతుంది. విపరీతమైన నొప్పి, వాపు వస్తాయి. రక్తం గడ్డకట్టదు. చిగుళ్ళ నుండి, మూత్రంలో రక్తం పోవచ్చు. మూత్రపిండాలు దెబ్బతినవచ్చు.

4. చిన్న పింజర: ఒకటి రెండు అడుగులకు మించదు. రాళ్ళ కింద ఉంటుంది. చిన్నదని అశ్రద్ధ చేయరాదు. దీని విషం కూడా రక్తాన్ని గడ్డకట్టనివ్వదు.

జెర్రిపోతు, నీరుకట్టె వంటి పాములకు విషం లేదు. అయితే ఏ పాము కరిచిందో ఇంట్లోనే తేల్చుకోవాలని చూడకండి. ఆ పని వైద్యునికి వదిలిపెట్టండి.

తెల్లవారుజామున కడుపునొప్పి

కట్లపాము గురించి ప్రత్యేకంగా చెప్పాలి. రాత్రి నేలపై పడుకున్న మనిషి తెల్లవారుజామున కడుపునొప్పితో లేస్తాడు. ఇంట్లోవారు గ్యాస్ అనుకొని సోడా తాగిస్తారు. కొంతసేపటికి కనురెప్పలు వాలతాయి, మాట తడబడుతుంది. రాత్రి మందు తాగాడేమో, నిద్ర చాలలేదేమో అనుకుంటారు. ఇంతలో ఊపిరి తీసే కండరాలు పనిచేయడం మానేస్తాయి. అందువలన నేలపై నిద్రించినవారికి ఉదయం కారణం తెలియని కడుపునొప్పితో పాటు కనురెప్పలు బరువెక్కడం, మింగలేకపోవడం కనిపిస్తే, పామును ఎవరూ చూడకపోయినా, వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్ళండి.

కాటు వేసిన వెంటనే చేయవలసినవి

• రోగికి ధైర్యం చెప్పండి. పరుగెత్తనివ్వకండి, నడవనివ్వకండి. మోసుకొనిగానీ వాహనంలోగానీ తీసుకువెళ్ళండి.
• కాటు పడిన చేతి లేదా కాలి నుండి ఉంగరాలు, గాజులు, మెట్టెలు, పట్టీలు, గడియారం వెంటనే తీసివేయండి. వాపు వచ్చాక అవి బిగుసుకుపోతాయి.
• ఎముక విరిగినప్పుడు కట్టినట్లు, ఆ చేతికి లేదా కాలికి కర్రబద్ద పెట్టి, వదులుగా గుడ్డతో కట్టి కదలకుండా ఉంచండి.
• 108కి ఫోన్ చేయండి. అంబులెన్స్ ఆలస్యమయ్యేలా ఉంటే దొరికిన వాహనంలో బయలుదేరండి. విరుగుడు మందు ఉందో లేదో ఆసుపత్రికి ఫోన్ చేసి కనుక్కోవడం మంచిది.
• వాంతి అవుతుంటే, మగతగా ఉంటే ఎడమ పక్కకు తిప్పి పడుకోబెట్టండి.
• కాటు వేసిన సమయం, మొదటి లక్షణం కనిపించిన సమయం గుర్తుంచుకోండి.

చేయకూడనివి

• తాడుతోగానీ గుడ్డతోగానీ గట్టిగా బిగించి కట్టరాదు. రక్తప్రసరణ ఆగి చేయి లేదా కాలు చెడిపోవచ్చు. ఇప్పటికే కట్టి ఉంటే దారిలో విప్పకండి, వైద్యుని సమక్షంలోనే విప్పించండి.
• బ్లేడుతో కోయరాదు. నోటితో పీల్చరాదు. పసర్లు, సున్నం, మంచుగడ్డ పెట్టరాదు.
• సారా, నాటుమందు తాగించరాదు. నొప్పికి ఆస్పిరిన్, బ్రూఫెన్ మాత్రలు ఇవ్వరాదు. వాటివలన రక్తస్రావం ఎక్కువ కావచ్చు.
• పామును చంపడానికి, పట్టడానికి సమయం పాడుచేయరాదు. చచ్చిన పాము తల కూడా కాటు వేయగలదు. దూరం నుండి సెల్‌ఫోన్‌లో ఫోటో తీయగలిగితే చాలు.
• టీటీ ఇంజెక్షన్ వేయించుకొని ఇంటికి వెళ్ళిపోరాదు.

మంత్రంతో నయమైనవారు ఉన్నారు కదా?

ఈ ప్రశ్న చాలామంది అడుగుతారు. కాటు వేసే పాములలో చాలావాటికి విషమే లేదు. విషసర్పం కూడా ఒక్కొక్కసారి కోరలు దింపుతుంది గానీ విషం వదలదు. అటువంటివారు మంత్రం వేసినా వేయకపోయినా బ్రతుకుతారు. పేరు మాత్రం మంత్రానికి వస్తుంది. నిజంగా విషం ఎక్కినవారికి అక్కడ గడిచే గంటే ప్రాణం తీస్తుంది. వేపాకు నమిలించి, చేదు తెలిస్తే విషం లేదనడం కూడా నమ్మదగిన పరీక్ష కాదు. మీ మనసుకు ప్రార్థన కావాలంటే వాహనంలో వెళుతూ చేసుకోండి. బండిని మాత్రం ఆపకండి.

ఆసుపత్రిలో ఏమి జరుగుతుంది?

పాము కరిచిన ప్రతివారికీ విరుగుడు మందు ఇవ్వరు. విషం ఎక్కిన లక్షణాలు ఉంటేనే ఇస్తారు. అందుకోసం కొద్దిగా రక్తం గాజు గొట్టంలో తీసి 20 నిమిషాలు కదపకుండా ఉంచి గడ్డకట్టిందో లేదో చూస్తారు. ఈ పరీక్షను మళ్ళీ మళ్ళీ చేయవచ్చు. మొదట లక్షణాలు లేకపోయినా కనీసం 24 గంటలు ఉంచుకుంటారు. "ఏమీ చేయడం లేదు, ఇంటికి పోదాం" అని తొందరపడకండి. ఆ గమనింపే చికిత్స.

పైన చెప్పిన నాలుగు పాముల విషానికీ ఒకే విరుగుడు మందు పనిచేస్తుంది. చాలాకాలంగా మహాబలిపురం దారిలో ఉన్న ఇరుళ తెగవారి సహకార సంఘం పాముల నుండి విషం తీసి సరఫరా చేస్తోంది. ఆ విషాన్ని అతి కొద్ది మోతాదులలో గుర్రాలకు ఎక్కించి, వాటి రక్తంలో తయారైన రక్షక పదార్థాల నుండి ఈ మందు చేస్తారు. మనకు దగ్గరలోనే, కొత్తూరు మండలం తిమ్మాపూర్‌లో ఈ మందు తయారుచేసే విన్స్ సంస్థ ఉంది. ప్రభుత్వ ఆసుపత్రులలో దీనిని ఉచితంగా ఇస్తారు.

మొదటి విడతలో సాధారణంగా 8 నుండి 10 సీసాల మందు ఎక్కిస్తారు. చిన్నపిల్లలకు కూడా అంతే మోతాదు. పాము పిల్లవాడని చూసి తక్కువ విషం వదలదు కదా! మందు ఎక్కుతుండగా దురద, దద్దుర్లు, చలి, వాంతి, ఆయాసం కనిపిస్తే వెంటనే నర్సుకు చెప్పండి. దానికీ చికిత్స సిద్ధంగా ఉంటుంది.

నాగుపాము, కట్లపాము కాటుకు గురైనవారిని కొన్ని రోజులు కృత్రిమ శ్వాస యంత్రంపై ఉంచవలసి రావచ్చు. రోగి కళ్ళు తెరవడు, పిలిస్తే పలకడు, వేలు కూడా కదపడు. చూసినవారు ఆశ వదులుకుంటారు. కాని కదల్లేకపోయినా లోపల స్పృహ ఉండవచ్చు, మీ మాటలు వినబడవచ్చు. ఇటువంటివారిలో చాలామంది కోలుకొని నడిచి ఇంటికి వెళతారు. దయచేసి మధ్యలో యంత్రం తీయించి తీసుకువెళ్ళకండి. దగ్గర కూర్చొని ధైర్యం చెప్పే మాటలు మాట్లాడండి.

తేలు కుడితే

చాలా తేళ్ళ కాటుకు నొప్పి తప్ప ప్రమాదం ఉండదు. అయితే ఎర్రతేలు పిల్లల ప్రాణం తీయగలదు. విపరీతంగా చెమట పట్టడం, వాంతులు, చేతులు కాళ్ళు చల్లబడటం, గుండెదడ, ఆయాసం ప్రమాద సూచనలు. మహారాష్ట్రలోని మహాడ్‌లో డాక్టర్ హిమ్మత్‌రావ్ బావస్కర్ 1980లలో ప్రాజోసిన్ అనే సాధారణ రక్తపోటు మాత్రతో ఇటువంటి రోగులను కాపాడవచ్చని చూపారు. ఆయనకు 2022లో పద్మశ్రీ లభించింది. చిన్నపిల్లలకు తేలు కుడితే లక్షణాల కోసం ఎదురుచూడకుండా ఆసుపత్రికి తీసుకురండి.

ఇంటి దగ్గర జాగ్రత్తలు

• వీలైనంతవరకు మంచంపై పడుకోండి. నేలపై పడుకోక తప్పకపోతే దోమతెర కట్టి, అంచులను పరుపు లేక చాప కిందికి దోపండి. షెడ్లలో ఉండే కూలీలకు ఇది మరీ ముఖ్యం.
• చీకటిలో బయటకు వెళ్ళేటప్పుడు టార్చిలైటు, చెప్పులు తప్పనిసరి. పొలంలో, రాళ్ళ పనిలో బూట్లు వేసుకోండి.
• కట్టెలు, పిడకలు, ఇటుకలు ఇంటి గోడకు ఆనించి పేర్చకండి. వాటిని తీసేటప్పుడు ముందు కర్రతో కదిలించండి.
• గోడల కంతలు, తలుపు కింది సందులు పూడ్చండి. ధాన్యం మూతపెట్టి ఉంచి ఎలుకలను రానివ్వకండి.
• బూట్లు, బట్టలు, పక్కబట్టలు దులిపి వాడండి.
• ఇంట్లోకి పాము వస్తే పిల్లలను దూరంగా పంపి, దానిమీద కన్ను వేసి ఉంచండి. 1995 నుండి హైదరాబాదులో పనిచేస్తున్న ఫ్రెండ్స్ ఆఫ్ స్నేక్స్ సొసైటీ వంటి శిక్షణ పొందినవారికిగానీ అటవీశాఖకుగానీ కబురు చేయండి.

ఇంటికి వెళ్ళిన తర్వాత

మూత్రం తగ్గినా, ఎర్రగా వచ్చినా, ముఖం ఉబ్బినా వెంటనే తిరిగి రండి. ఒకటి రెండు వారాలలో జ్వరం, కీళ్ళనొప్పులు, దద్దుర్లు వస్తే అవి విరుగుడు మందు వలన కావచ్చు, చికిత్స ఉంది. వైద్యుడు చెప్పకుండా పథ్యం పేరుతో రోగిని పస్తు ఉంచకండి.

ఈ పుస్తకాన్ని ఇంటికి తీసుకువెళ్ళి, చదవడం రానివారికి చదివి వినిపించండి. విరుగుడు మందు ఉన్న దగ్గరి ఆసుపత్రి ఏదో, రాత్రివేళ పిలిస్తే వచ్చే వాహనం ఎవరిదో ఈ రోజే తెలుసుకొని, ఆ ఫోన్ నంబర్లు తలుపు మీద రాసిపెట్టుకోండి.