మెదడు, మాట, మన రెండు భాషలు

తెలుగు శాఖ గోడపత్రికలో మెదడు గురించి పాఠమేంటి, అది సైన్సు వాళ్ళు చూసుకునే పని కదా అని కొందరు అడగొచ్చు. మెదడు డాక్టరు కావాలనుకునేవాళ్ళు మెదడును రెండు చోట్ల చదవాలి. ఒకటి, పాఠశాలలో బల్ల మీద పెట్టిన అసలు మెదడులో. రెండు, రోగి నోటి నుంచి వచ్చే మాటలో. ఆ రెండోది మన సబ్జెక్టు. విభక్తి ఎక్కడ తప్పింది, క్రియ చివర ఏం పోయింది, మాటకు అర్థం ఉందా లేదా అని చూసే కన్ను మనకు వ్యాకరణం నేర్పిస్తుంది. మెదడు డాక్టరుకూ అదే కన్ను కావాలి. అందుకే ఈ పాఠం.

డాక్టర్లు మెదడును ఎక్కడ చూస్తారు?

మన బెంగళూరులోనే, నిమ్హాన్స్‌లో. 1954లో మొదలైన మానసిక ఆరోగ్య సంస్థ, అక్కడి పాత మానసిక ఆసుపత్రి కలిసి 1974లో నిమ్హాన్స్ అయ్యాయి. అక్కడ మెదడు మ్యూజియం ఒకటి ఉంది. డాక్టర్ ఎస్.కె. శంకర్, ఆయనతో పనిచేసినవాళ్ళు ఏళ్ళ తరబడి సేకరించిన అసలైన మానవ మెదళ్ళు అందులో సీసాల్లో ఉంటాయి. 1995లో అక్కడే మెదడు కణజాల భాండాగారం కూడా మొదలైంది. చనిపోయినవారి కుటుంబాలు ఒప్పుకుని ఇస్తేనే అక్కడికి మెదడు వస్తుంది. ఒక ఇంటివాళ్ళు దుఃఖంలో ఉండి కూడా పెట్టిన సంతకం వల్లే ఈ రోజు విద్యార్థులు చదవగలుగుతున్నారు.

బతికి ఉన్నప్పుడు మెదడు గట్టి పెరుగులా మెత్తగా ఉంటుంది. అలాగే ఉంటే కత్తితో కోసి చూడలేరు. అందుకని ఫార్మలిన్ ద్రవంలో కొన్ని వారాలు నానబెడతారు. అప్పుడు గట్టిపడుతుంది. ఈ మ్యూజియంకు వైద్య విద్యార్థులే కాదు, మామూలు జనం కూడా వెళ్ళి చూడొచ్చు.

మెదడు ఎలా ఉంటుంది?

పెద్దవాళ్ళ మెదడు బరువు సుమారు 1,300 నుంచి 1,400 గ్రాములు. శరీరం బరువులో ఇది 100కి 2 పాళ్ళే. కానీ మనం పీల్చుకునే ఆక్సిజన్‌లో దాదాపు 20 పాళ్ళు అదే వాడుకుంటుంది. అందుకే రక్తం కొన్ని నిమిషాలు అందకపోయినా తట్టుకోలేదు. ఇందులో దాదాపు 8,600 కోట్ల నాడీకణాలు ఉంటాయని లెక్క.

పుర్రె లోపల మెదడుకు మూడు పొరలున్నాయి. బయటిది వరాశిక, నడిమిది లౌతికళ, మెదడును అంటుకుని ఉండేది మృద్వి. నడిమి పొరకూ లోపలి పొరకూ మధ్య నీళ్ళలాంటి మస్తిష్కమేరుద్రవం తిరుగుతుంటుంది. తల కదిలినప్పుడు మెదడు పుర్రెకు కొట్టుకోకుండా కాపాడేది ఇదే. పసిబిడ్డకు తలంటేటప్పుడు అవ్వలు నడినెత్తిన "మాడు" మీద మెత్తగా నూనె పెడతారు, గట్టిగా నొక్కనివ్వరు. అక్కడ ఎముక ఇంకా కలుసుకోలేదు, కింద ఉన్నది మెదడు. ఆ సంగతి పుస్తకం చదవని అవ్వలకూ తెలుసు.

మెదడులో ముఖ్య భాగాలు మూడు.

1. పెద్దమెదడు. అక్రోటు పప్పులా ముడతలు పడి, కుడి ఎడమ రెండు అర్ధగోళాలుగా ఉంటుంది. ఒక్కో అర్ధగోళంలో నుదుటి భాగం ఆలోచన, నిర్ణయం, కదలికలు చూసుకుంటుంది. నడినెత్తి కింద భాగం స్పర్శను, కణత భాగం వినికిడిని, జ్ఞాపకాన్ని, తల వెనక భాగం చూపును చూసుకుంటాయి. కళ్ళు ముందున్నాయి, చూసే చోటు మాత్రం తల వెనక ఉంది!

2. చిన్నమెదడు. పెద్దమెదడు కింద వెనక వైపు ఉంటుంది. కదలికల్లో పొందిక, శరీరం తూలకుండా నిలబడడం దీని పని. మన వై.ఎన్.హొసకోటలో పట్టుచీర నేసేవాళ్ళను చూడండి. చెయ్యి ఒక పక్క, కాలు ఒక పక్క, కన్ను పడుగు మీద. అన్నీ ఒకే తాళంలో నడుస్తాయి. నేయాలన్న నిర్ణయం పెద్దమెదడుది, ఆ తాళం తప్పకుండా చూసేది చిన్నమెదడు.

3. మెదడు కాండం. ముచ్చిలిగుంట లోపలి వైపు, వెన్నుపాముతో కలిసే చోట ఉంటుంది. ఊపిరి, గుండె కొట్టుకోవడం, మింగడం, నిద్ర మెలకువలు దీని అధీనం. మనం నిద్రపోయినా ఇది పోదు.

కాండం అడుగున ఇంకో వింత ఉంది. పెద్దమెదడు నుంచి దిగే కదలికల నరాల్లో ఎక్కువ భాగం అక్కడ ఒకదాన్నొకటి దాటుకుని అవతలి పక్కకు పోతాయి. అందుకే ఎడమ మెదడు దెబ్బతింటే కుడి చెయ్యి, కుడి కాలు పడిపోతాయి.

మాట ఎక్కడుంది?

కుడిచేతి వాటం ఉన్నవాళ్ళలో దాదాపు అందరికీ మాట ఎడమ అర్ధగోళంలోనే ఉంటుంది. ఇది మొదట ఎలా తెలిసింది? 1861లో పారిస్‌లో పాల్ బ్రోకా అనే డాక్టరు దగ్గరికి ఒక రోగి వచ్చాడు. ఏం అడిగినా "టాన్" అనే ఒక్క మాటే చెప్పేవాడు. ఎదుటివాళ్ళు చెప్పేది మాత్రం చాలావరకు అర్థమయ్యేది. అతను చనిపోయాక చూస్తే ఎడమ నుదుటి భాగంలో ఒక చోట దెబ్బ కనిపించింది. 1874లో కార్ల్ వెర్నికే అనే జర్మన్ డాక్టరు ఇంకో రకం చెప్పాడు. అందులో రోగి గడగడా మాట్లాడతాడు, కానీ అర్థం ఉండదు. ఎదుటివాళ్ళ మాటా సరిగా బోధపడదు. ఆ దెబ్బ ఎడమ కణత భాగం వెనక పక్క ఉంటుంది.

మన భాషలో పెట్టి చూద్దాం. "నిన్న సంతకు పోయి కూరగాయలు తెచ్చినాను" అనాలి. మొదటి రకం రోగి "సంత... నిన్న... కూరగాయ... తె... తె..." అని కష్టపడతాడు. నామవాచకాలు దొరుకుతాయి, "కు" లాంటి విభక్తులు, "తెచ్చినాను"లో "నాను" లాంటి చివరలు తడబడతాయి. రెండో రకం రోగి "సంత అయితే అది పోసి నిన్నదాకా కడిగి పెట్టుకుంటిమి గదా" అన్నట్టు ధారగా పోతాడు. విభక్తులున్నాయి, క్రియలున్నాయి, రాగం కూడా మాటదే, అర్థం మాత్రం లేదు. ఇంట్లోవాళ్ళు ఇది విని మతిచలించిందనో, గాలి సోకిందనో అనుకునే ప్రమాదం ఉంది. అది పిచ్చి కాదు, పక్షవాతం కావచ్చు.

ఇప్పటి పరిశోధన ప్రకారం మాట ఈ రెండు చోట్లకే పరిమితం కాదు. చాలా భాగాలు, వాటిని కలిపే నరాల దారులు అందరూ కలిసి చేసే పని అది. అయినా రోగి పక్కన కూర్చున్న డాక్టరుకు ఈ తేడా ఇప్పటికీ మొదటి దారి చూపిస్తుంది.

నిమిషాల లెక్క

మనవాళ్ళు "లక్వా కొట్టింది" అంటారే, అందులో ఎక్కువగా జరిగేది మెదడు రక్తనాళంలో గడ్డ అడ్డుపడడం. మిగతావాటిలో నాళం చిట్లి రక్తం కారుతుంది. పెద్ద నాళం మూసుకుపోతే నిమిషానికి దాదాపు 19 లక్షల నాడీకణాలు చనిపోతాయని 2006లో ఒక లెక్క కట్టారు. గడ్డను కరిగించే ఇంజెక్షన్ ఉంది, కానీ సాధారణంగా మొదటి నాలుగున్నర గంటల్లోపే ఇస్తారు. ముందు స్కానింగ్ తీసి గడ్డా, రక్తస్రావమా తేల్చుకోవాలి. రక్తం కారుతున్నప్పుడు ఆ మందు ఇస్తే ప్రాణానికే ముప్పు.

మన పావగడ తాలూకాకు చుట్టూ దాదాపు ఆంధ్రే. పెద్ద ఆసుపత్రి అంటే ఎటు పోయినా ప్రయాణమే. కాబట్టి ఇంట్లో పోగొట్టే అరగంటే అన్నిటికన్నా ఖరీదైనది. ఇవి గుర్తుపెట్టుకోండి:

ముఖం: నవ్వమంటే మూతి ఒక పక్కకు పోతుందా?
చెయ్యి: రెండు చేతులూ ఎత్తమంటే ఒకటి జారిపోతుందా?
మాట: చిన్న వాక్యం చెప్పమంటే ముద్దగా వస్తుందా, అడ్డదిడ్డంగా వస్తుందా?
టైము: చివరగా బాగున్నది ఎన్ని గంటలకు? రాసిపెట్టుకోండి. 108కి ఫోన్ చేయండి.

పసరు పోయడం, నీళ్ళు తాగించడం వద్దు. మింగే శక్తి దెబ్బతిని ఉంటే అవి ఊపిరితిత్తుల్లోకి పోతాయి.

రెండు భాషల ఇల్లు

మన దగ్గర ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం. అంగట్లో ఎదుటివాళ్ళను బట్టి ఏదో ఒకటి. "రెండూ సగం సగం, ఏదీ సరిగా రాదు" అని మనల్ని మనమే తక్కువ చేసుకుంటుంటాం. ఈ విషయంలో హైదరాబాదు నుంచి వచ్చిన ఒక పరిశోధన మనకు చాలా ముఖ్యం.

నిమ్స్ ఆసుపత్రిలో న్యూరాలజిస్టు డాక్టర్ సువర్ణ అల్లాడి, ఆమె బృందం 648 మంది మతిమరుపు జబ్బు, అంటే డిమెన్షియా, ఉన్నవాళ్ళను పరిశీలించారు. వాళ్ళలో 391 మంది ఒకటికన్నా ఎక్కువ భాషలు మాట్లాడేవాళ్ళు. 2013లో ఫలితాలు వచ్చాయి. ఒక్క భాషే తెలిసినవాళ్ళ కన్నా వీళ్ళలో జబ్బు సగటున నాలుగున్నర ఏళ్ళు ఆలస్యంగా మొదలైంది. చదువు వల్ల వచ్చిన తేడానేమో అని అనుమానించొచ్చు. కానీ అక్షరం రాని వాళ్ళలో కూడా ఈ తేడా కనిపించింది. మూడో భాష, నాలుగో భాష వల్ల అదనపు లాభం మాత్రం కనిపించలేదు.

2016లో అదే బృందం పక్షవాతం వచ్చిన 608 మందిని చూసింది. తర్వాత ఆలోచన, జ్ఞాపకం మామూలుగా నిలిచినవాళ్ళు రెండు భాషలవాళ్ళలో 40.5 శాతం, ఒకే భాషవాళ్ళలో 19.6 శాతం. మాట పడిపోవడంలో మాత్రం రెండు గుంపులకూ పెద్ద తేడా లేదు.

ఎందుకిలా? ఒక భాషలో మాట్లాడుతున్నప్పుడు రెండోది లోపల మేలుకునే ఉంటుంది. దాన్ని ఆపి పెట్టి, కావలసినప్పుడు పిలవాలి. రోజంతా చేసే ఈ కసరత్తు మెదడుకు కొంత నిల్వ బలం ఇస్తుందని పరిశోధకుల ఊహ. అయితే అన్ని దేశాల అధ్యయనాలూ ఇదే ఫలితం ఇవ్వలేదు. రెండో భాష టీకా లాంటిది కాదు, రోగాన్ని రాకుండా ఆపదు. బీపీ, షుగరు అదుపులో పెట్టుకోవడం, పొగాకు మానడం మాత్రం అందరికీ తప్పనిసరి.

పరీక్ష ఏ భాషలో?

ఇక్కడే మన శాఖ పని మొదలవుతుంది. జ్ఞాపకశక్తి పరీక్షలు చాలావరకు ఇంగ్లీషులో పుట్టినవి. 1975 నుంచి వాడుతున్న ఒక పేరున్న పరీక్షలో ఒక ఇంగ్లీషు నానుడిని తిరిగి చెప్పమంటారు. అందులో ఉన్నవన్నీ చిన్న చిన్న అవ్యయాలు. తెలుగులో ఆ పని చేసేవి విడి మాటలు కావు. "వస్తే"లో "తే", "అక్కా చెల్లెలూ"లో దీర్ఘం. మరి ఆ వాక్యాన్ని ఎలా అనువదిస్తారు? ఇంకో పరీక్షలో ఒక అక్షరంతో మొదలయ్యే మాటలు నిమిషంలో ఎన్ని చెప్పగలరని అడుగుతారు. తెలుగులో "ప" అంటే "పా, పి, పు" కలుపుకోవాలా వద్దా? బడికి పోని అవ్వకు అక్షరమే తెలియకపోతే? ఆమెను "జంతువుల పేర్లు చెప్పమ్మా" అని అడిగితే టకటకా చెబుతుంది.

ఇలాంటి చిక్కులు చూసే భారత వైద్య పరిశోధన మండలి హిందీ, బెంగాలీ, తెలుగు, కన్నడం, మలయాళం భాషల్లో కొత్త పరీక్షల సంపుటి చేయించింది. ఆ పనిలోనూ డాక్టర్ సువర్ణ అల్లాడి ఉన్నారు, ఆమె తర్వాత నిమ్హాన్స్‌కు వచ్చారు. అందులో మన రెండు భాషలూ ఉన్నాయి.

దీన్నిబట్టి ఇంటి మనిషిగా మనం చేయాల్సింది ఒకటి ఉంది. అవ్వనో తాతనో డాక్టరు దగ్గరికి తీసుకుపోయినప్పుడు ముందే చెప్పాలి: "ఇంట్లో తెలుగు మాట్లాడతారు, కన్నడం అంగడి వరకే. బడికి పోలేదు." ఈ రెండు వాక్యాలు చెప్పకపోతే రాని భాషలో అడిగిన ప్రశ్నకు జవాబు రాకపోవడాన్ని మతిమరుపుగా రాసుకునే ప్రమాదం ఉంది. పక్షవాతం తర్వాత మాట తిరిగి నేర్పేటప్పుడూ అంతే. ఎక్కువమందిలో రెండు భాషలూ కలిసే కోలుకుంటాయి, కొందరిలో ఒకటి ముందొస్తుంది. ఏది ముందొచ్చిందో మొదట వినేది ఇంట్లోవాళ్ళే.

పదాల పట్టిక (తెలుగు / కన్నడం)

మెదడు / మెదుళు
తల / తలె
నాలుక / నాలిగె
మాట / మాతు
మరుపు / మరెవు

ఆలోచించి జవాబు రాయండి

1. కుడి చెయ్యి పడిపోయి మాట కూడా పోయిన రోగికి మెదడులో దెబ్బ ఏ పక్క తగిలి ఉండొచ్చు? ఎందుకు?
2. రెండు రకాల మాట లోపాలకు ఒక్కో వాక్యం మన యాసలో రాయండి. వ్యాకరణం దేనిలో పోయింది, అర్థం దేనిలో పోయింది?
3. అక్షరం రాని పెద్దవాళ్ళ జ్ఞాపకశక్తిని చూడడానికి మన ఊరి సంత, పండుగలు, మగ్గం పని ఆధారంగా ఐదు ప్రశ్నలు తయారు చేయండి.

మూడో ప్రశ్నకు జవాబులు రాసినవాళ్ళు శాఖలో ఇవ్వండి. మంచివాటిని వచ్చే సంచికలో ఇదే గోడ మీద పెడదాం.