బంగారు గని ఆట

భూగర్భమునుండి బంగారమును త్రవ్వి తీయుట మిక్కిలి కష్టమైన పని. మన తెలుగుసీమకు చేరువనే, కర్ణాటక రాష్ట్రమున, కోలారు బంగారు గనులు కలవు. 1880లో ఆంగ్లేయుల సంస్థ యొకటి అచ్చట పని నారంభించెను. నూట ఇరువది యేండ్లు సాగిన పిదప, 2001 ఫిబ్రవరిలో ఆ గనులు మూతపడెను. చిత్తూరు ప్రాంతమునుండి వెళ్లిన తెలుగువారెందరో అందు పనిచేసిరి. ఆ గనులు మూడు కిలోమీటర్లకు మించిన లోతునకు దిగినవి. అంతటి లోతున ఎండపొడ కానరాదు. పైనున్న రాతిబరువునకు ఒక్కొక్కప్పుడు గోడలు పగిలి రాళ్లు చిమ్ముకొని వచ్చెడివి. అట్టి తావున ఒకని ప్రాణము వేరొకని చేతిలో నుండును. దీపము పట్టినవాడును, దూలములు నిలిపినవాడును, బండి నడపువాడును తమ తమ పనులను సరిగా చేయుదురను నమ్మకముతోనే గనివాడు సొరంగమున అడుగు పెట్టును.

ఇట్టి నమ్మకము చుట్టును అల్లబడిన చీట్లాట యొకటి ఐరోపా ఖండమున పుట్టినది. దాని పేరు 'సాబోటర్'. చాటుగా నుండి పనిని చెడగొట్టువాడని ఆ మాటకర్థము. బెల్జియం దేశీయుడగు ఫ్రెడెరిక్ మోయర్సూన్ దీనిని కల్పించెను. 2004లో ఇది జర్మనీ దేశమున వెలువడినది. ముగ్గురు మొదలు పదిమంది వరకు దీనిని ఆడవచ్చును. ఎనిమిదేండ్లు నిండిన పిల్లలు పెద్దలతో సమానముగా కూర్చుండి ఆడగలరు. ఆట ముగియుటకు సుమారు అరగంట పట్టును.

కొండలక్రింద బంగారమును రత్నములను త్రవ్వు మరుగుజ్జుల కథలు ఐరోపా దేశములలో పెక్కు కలవు. ఈ యాటలో ఆడువారందరును అట్టి మరుగుజ్జులే. అయితే వారిలో కొందరు నిజముగా బంగారమునకై త్రవ్వువారు. కొందరు వారితోపాటు నటించుచు పనిని పాడుచేయు ద్రోహులు. ఎవరు ఎవరో తెలియకుండుటయే యీ యాటలోని కిటుకు.

ఆటలో మొత్తము 110 ముక్కలు కలవు. వానిలో 44 దారిముక్కలు, 27 చర్యముక్కలు, 28 బంగారుముక్కలు, 11 మరుగుజ్జు ముక్కలు. మరుగుజ్జు ముక్కలలో ఏడు త్రవ్వువారివి, నాలుగు ద్రోహులవి. ఆడువారి సంఖ్యననుసరించి వీనిలో కొన్నిటిని ఏరి, కలిపి, బోర్లించి తలకొకటి పంచవలెను. ఏరిన ముక్కలు ఎల్లప్పుడును ఆడువారికన్న ఒకటి ఎక్కువగా నుండును. అయిదుగురు ఆడునపుడు త్రవ్వువారి ముక్కలు నాలుగును, ద్రోహుల ముక్కలు రెండును తీసికొందురు. అయిదు ముక్కలు పంచగా ఆరవది ఎవరును చూడకుండ ప్రక్కన నుండును. అందువలన గుంపులో ద్రోహి యొకడున్నాడో, ఇద్దరున్నారో ఎవరును నిశ్చయముగా చెప్పజాలరు. ప్రతివాడును తన ముక్కను తాను చూచుకొని దాచవలెను.

దారిముక్కలలో ఒకటి గని ముఖద్వారము. దానిని బల్లపై ఒక కొసను ఉంచవలెను. ఏడు ముక్కలు పట్టునంత యెడము విడిచి, రెండవ కొసను మూడు గమ్యపుముక్కలను వరుసగా బోర్లించవలెను. ఆ మూడింటిలో ఒకదానియందే బంగారు నిధి యుండును. తక్కిన రెండింట వట్టి రాళ్లు. మిగిలిన 40 దారిముక్కలను చర్యముక్కలతో కలిపి పంచవలెను. అయిదుగురు మించనిచో తలకు ఆరును, ఆరుగురు గాని ఏడుగురు గాని ఉన్నచో అయిదును, అంతకు మించినచో నాలుగును చేతికి వచ్చును. మిగిలిన కట్టను ప్రక్కన బోర్లించి పెట్టుదురు. అందరికంటె చిన్నవాడు ఆట మొదలుపెట్టును.

తన వంతు వచ్చినవాడు మూడు పనులలో ఒకటి చేయవలెను. సొరంగమునకు ఒక దారిముక్కను చేర్చవచ్చును, చర్యముక్కను ప్రయోగింపవచ్చును, లేదా ఒక ముక్కను బోర్లించి పారవేసి ఊరకుండవచ్చును. పిమ్మట కట్టనుండి ఒక ముక్కను తీసికొనవలెను. దారిముక్కను చేర్చునపుడు దానిమీది త్రోవ ప్రక్కముక్కల త్రోవలతో అన్నివైపులను సరిగా కలియవలెను. ముక్కను అడ్డముగా త్రిప్పి వేయరాదు. కొన్ని ముక్కలపై త్రోవ నడుమనే మూసికొనిపోయి యుండును. త్రవ్వువారికి అవి పనికిరావు. ద్రోహికి అవే ఆయుధములు.

చర్యముక్కలు నాలుగు విధములు. మొదటి విధము విరిగిన పనిముట్టు. గుద్దలి, లాంతరు, బండి యను మూడు పనిముట్లలో ఏదేని విరిగినట్లు చూపు ముక్కను ఎదుటివాని ముందు ఉంచినచో, అది బాగుపడువరకు అతడు దారిముక్కను వేయరాదు. రెండవ విధము ఆ పనిముట్టును బాగుచేయు ముక్క. దానిని తనకైనను పరునికైనను వాడవచ్చును. మూడవది రాళ్లు కూలుట. దీనితో వేసిన దారిముక్క నొకదానిని తీసివేయవచ్చును. నాలుగవది పటము. పటము వేసినవాడు గమ్యపుముక్కలలో ఒకదానిని రహస్యముగా చూచి, మరల బోర్లించవలెను. చూచినదానిని ఇతరులకు చూపరాదు. నోటితో చెప్పవచ్చును, కాని ఆ మాట నిజము కావచ్చును, కాకపోవచ్చును.

దారి గమ్యమును చేరినప్పుడు ఆ ముక్కను త్రిప్పి చూడవలెను. నిధి కనబడినచో త్రవ్వువారు గెలిచిరి. ఆడువారెందరో అన్ని బంగారుముక్కలను తీసి, నిధిని చేరినవాడు తనకు నచ్చినదానిని ముందుగా గ్రహించును. పదిమంది యున్నచో తొమ్మిదే తీయుదురు. తక్కినవి ఆట సాగిన దిశకు ఎదురుగా, త్రవ్వువారి నడుమ వరుసగా పంపిణీ యగును. ద్రోహికి ఏమియు రాదు. ఒక్కొక్క ముక్కపై ఒకటి మొదలు మూడు వరకు బంగారు కణికలుండును. ముక్కలన్నియు అయిపోయినను నిధి దొరకనిచో ద్రోహులు గెలిచినట్లు. ద్రోహి ఒక్కడే యైనచో అతనికి నాలుగు కణికలు, ఇద్దరు గాని ముగ్గురు గాని యైనచో తలకు మూడు, నలుగురైనచో తలకు రెండు లభించును. ఇట్లు మూడు దఫాలు ఆడవలెను. ప్రతి దఫాకును మరుగుజ్జు ముక్కలు మరల పంచబడును. కడకు ఎవరియొద్ద ఎక్కువ కణికలుండునో వారిదే గెలుపు.

ఒక యింట తాతగారు, తండ్రి, తల్లి, అక్క, తమ్ముడు కూర్చుండి ఈ యాట ఆడుచున్నారనుకొందము. తమ్మునికి త్రవ్వువాని ముక్క వచ్చినది. కాని అతని చేతికి మూసిన దారులే ఎక్కువగా వచ్చినవి. వానిని వేసినచో సొరంగము చెడునని తలచి, అతడు రెండు వంతులు ముక్కలను పారవేసి ఊరకుండెను. తండ్రికి అనుమానము కలిగెను. "వీడు పనిచేయుట లేదు, వీడే ద్రోహి" అని విరిగిన లాంతరును కుమారుని ముందుంచెను. అక్కచేతిలో లాంతరును బాగుచేయు ముక్క యుండెను. ఆమెయు సంశయించి దానిని దాచుకొనెను.

తమ్ముడు పటము వేసి ఎడమ గమ్యమును చూచెను. "బంగారము ఇచ్చటనే యున్నది" అని చెప్పెను. ఎవరును నమ్మలేదు. తరువాత తాతగారు పటము వేసి నడిమి ముక్కను చూచి, "నాయనలారా, నిధి నడుమ కలదు" అనిరి. పెద్దవారి మాటను కాదనువారెవరు? అందరును నడిమికే త్రోవ వేసిరి. ముక్కను త్రిప్పగా రాయి కనబడెను. అప్పటికి కట్ట తరిగిపోయినది. ఎడమకు మరలు త్రోవలో తాతగారు రాళ్లు కూల్చిరి. ముక్కలు నిండుకొనెను. తాతగారు నవ్వుచు తమ ద్రోహి ముక్కను చూపి, నాలుగు కణికలను తీసికొనిరి.

ఈ యోటమిని విచారించి చూడవలసియున్నది. తాతగారు ఎవరి పనిముట్టును విరువలేదు. ఒక మాట చెప్పి, ఒకసారి రాళ్లు కూల్చిరి, అంతే. బాలుని లాంతరును విరిచినవాడు తండ్రి. దానిని బాగుచేయక యుండినది అక్క. నిజము చెప్పినవానిని అందరును కలిసి ప్రక్కన పెట్టిరి. ద్రోహి చేయవలసిన పనిలో సగము మంచివారే చేసిపెట్టిరి. ఎవరో తెలియని ద్రోహికంటె తొందరపాటు అనుమానమే ఆ సొరంగమునకు ఎక్కువ కీడు చేసినది.

రెండవ దఫాలో వారు జాగ్రత్తపడిరి. అయిదుగురిలో ద్రోహులు ఇద్దరికి మించరు. కనుక ముగ్గురైనను మంచివారే యని తల్లి లెక్క చెప్పెను. ఊరకున్నవానిని నిందించుటకు మారుగా, ఎవరు వేసిన ముక్క త్రోవను ముందుకు నడిపినదో, ఎవరిది ప్రక్కకు మరల్చినదో గమనింప మొదలిడిరి. ఎవరు చెప్పినను, ఎంతటివారు చెప్పినను, మాటను పనితో సరిపోల్చి చూచిరి. ఈసారి అక్క సందేహింపక తమ్ముని గుద్దలిని బాగుచేసెను. అతడు వేసిన ముక్కయే నిధిని చేరెను.

ఆటలో అబద్ధమాడుట తప్పు కాదాయని పిల్లలు అడుగవచ్చును. ఆటకు ముందే అందరును దానికి సమ్మతించినారు. ముక్కలు కట్టగానే ఆ వేషము ముగియును. ఎవరి సొత్తును పోదు, ఎవరి మనసును నొవ్వరాదు. బయటి జీవితమున అట్టి సమ్మతి లేదు. అచ్చట చెప్పిన అబద్ధము, అచ్చట వేసిన నింద, ఆట ముగిసినట్లు ముగిసిపోవు.

దీపము ఆరిన తోడివానిని చూచి వీడే దోషియనుట సులభము. అతని దీపమును వెలిగించి, ఆ వెలుగున అతని పనిని చూచి, పిదప నిర్ణయించుట వివేకుల లక్షణము. బంగారము దొరకుట ఆ తరువాతి మాట.

ప్రశ్నలు

1. ద్రోహుల సంఖ్య ఆడువారికి నిశ్చయముగా తెలియకుండుటకు కారణమేమి?
2. తమ్ముడు రెండు వంతులు ఊరకుండుటకు కారణమేమి? తండ్రి దానిని ఎట్లు గ్రహించెను?
3. 'ద్రోహి చేయవలసిన పనిలో సగము మంచివారే చేసిపెట్టిరి' - వివరింపుము.
4. ఆటలోని అబద్ధమునకును జీవితములోని అబద్ధమునకును గల భేదమేమి?