కొయ్యతో కట్టిన ఎత్తైన మేడలు

డోంగ్లి వంటి మన పల్లెలలోని పాత యిండ్లను చూచిన విద్యార్థులకు కొయ్య స్తంభములును దూలములును క్రొత్తవి కావు. అయినను 18 అంతస్తుల మేడను కొయ్యతో కట్టిరని మేము తరగతిలో చెప్పగా, "అది కాలిపోదా?" అని పిల్లలందరు నొక్కమారే అడిగిరి. అడుగదగిన ప్రశ్నయే.

ఆ మేడ నార్వే దేశమందలి బ్రుముండాల్ పట్టణమున 2019లో పూర్తియైన మ్యోస్‌టార్నెట్. ఎత్తు 85.4 మీటర్లు. 2022లో అమెరికాలోని మిల్వాకీ నగరమున లేచిన 25 అంతస్తుల అసెంట్ దానిని కొంచెము మించినది. కాని దాని క్రింది భాగము కాంక్రీటే.

ఇంతటి స్తంభములకు తగిన చెట్టు వెదకనక్కఱలేదు. సన్నని పలకలను బాగుగా నారబెట్టి, ముడులు గల భాగములను కోసివేసి, నార యొకే దిక్కున నుండునట్లు పేర్చి, జిగురుతో నతికి గట్టిగా నదిమినచో దూలమగును. జర్మనీలో ఆటో హెట్జెర్ 1906లో ఇట్టి వంపు దూలములకు పేటెంటు పొందెను. గోడలకును అంతస్తులకును వేఱొక ఉపాయము గలదు. ఒక వరుసను నిలువుగను, మీది వరుసను అడ్డముగను పఱచి యతికింతురు. కొయ్య నార పొడవున బలమైనది. అడ్డముగ బలహీనము, తేమకు ఉబ్బునదియు నటే. వరుసలు ఒండొంటిని పట్టియుంచుటచే పలక పెద్దగా ఉబ్బదు, మెలిపడదు.

ఇక అగ్ని మాట. అంతర్వేది దేవాలయపు రథము, సుమారు 40 అడుగుల టేకు రథము, 2020 సెప్టెంబరులో ఒక్క రాత్రిలో దగ్ధమయ్యెను. మఱి మేడ యెట్లు నిలుచును? పొయ్యిలో పుల్లలు భగ్గున మండును. పెద్ద మొద్దు పైన బొగ్గైనను లోపల చెక్కుచెదరక యుండును. ఇది మన తల్లులెఱిగినదే. రథమందు విడివిడి కొయ్యల నడుమ గాలి యాడును. మేడ స్తంభము మొద్దు వంటిది. పైనేర్పడిన బొగ్గు వేడిని లోనికి త్వరగా పోనీయదు. కాలుట నిమిషమునకు సుమారు 0.7 మిల్లీమీటరు, గంటకు 4 సెంటీమీటర్లు. ఆ మేరకు ముందే మందము హెచ్చింతురు. ఉక్కు మండదు గాని, 600 డిగ్రీల వేడిలో తన బలమున సగమునకు పైగా కోల్పోవును.

కొయ్య తేలికగుటచే ఎత్తైన మేడ గాలికి ఊగును. అందుచే మ్యోస్‌టార్నెట్ పై యంతస్తులలో కాంక్రీటు పలకలు వేసిరి. తేలిక పడవకు అడుగున బరువు వేయుదురు. ఇచ్చట బరువు నెత్తిమీదకెక్కినది!

మన సీమలో మాకు నిప్పుకంటె చెదలే హెచ్చు భయము. నార్వే వంటి చలి దేశమున ఆ బాధ లేదు. అచ్చట వాడు స్ప్రూస్ మెత్తని కొయ్య. చెదలకు మంచి విందు. టేకును అవి యంతగా ముట్టవు గాని, అది ఎదుగుటకు దశాబ్దములు పట్టును. పాత యిండ్లలో స్తంభము క్రింద రాతి దిమ్మె నేల పెట్టిరో ఇంటికి పోయి చూచి, రేపు తరగతిలో చెప్పుడు.